18 లక్షల పాత స్పోర్ట్స్ కారు, బాగు చేయించడానికి 4 లక్షలు: కొనవచ్చునా?

క్లాక్‌టవర్ (అనంతపురం):

సభ్యులందరికీ నమస్కారం. బెంగళూరులో 2007 మోడల్ పోర్షే బాక్‌స్టర్ ఒకటి అమ్మకానికి వచ్చింది. 2.7 లీటర్ల ఇంజిన్, మాన్యువల్ గేర్లు, మీటరు మీద 61,000 కిలోమీటర్లు, ఇప్పటి యజమాని రెండవవారు. 18 లక్షలు అడుగుతున్నారు. తనకు తెలిసిన లోపాలేవీ ఆయన దాచలేదు: క్లచ్ గట్టిగా ఉంది, ముందు కుడివైపు రేడియేటర్ కారుతోంది, గుడ్డ పైకప్పు మడత దగ్గర జానెడు చిరిగింది, నాలుగు టైర్లూ మార్చాలి. గత రెండేళ్లలో బండి రెండు వేల కిలోమీటర్లకు మించి తిరగలేదట.

నాకు డ్రిప్ పైపుల దుకాణం ఉంది. రోజూ తిరగడానికి ఇంట్లో వేరే కారు ఉంది కనుక ఇది ఆదివారాలకు మాత్రమే. ఈ కారు కోసమే ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము 22 లక్షలు. అంతకు మించి ఒక్క రూపాయి అప్పు చేయనని ఇంట్లో మాట ఇచ్చాను. ఇదే మోడల్, పనులన్నీ పూర్తయిన బండి హైదరాబాదులో 26 లక్షలు చెబుతున్నారు. ఈ బండిని కొని మిగిలిన 4 లక్షలతో బాగు చేయించుకోవడం సరైన పనేనా, లేక మరో రెండేళ్లు ఆగి మంచి బండే కొనాలా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు):

కొనవద్దని నా గట్టి అభిప్రాయం. తొమ్మిదేళ్ల కిందట నేనూ ఇలాగే, మీట నొక్కితే పైకప్పు మడుచుకునే రెండు సీట్ల కారు ఒకటి చవకగా వచ్చిందని తెచ్చుకున్నాను. మూడో నెలలోనే పైకప్పు సగం లేచి ఆగిపోయింది. హైడ్రాలిక్ పంపు పోయిందన్నారు. పంపు వచ్చాక వైరింగ్ అన్నారు. వైరింగ్ అయ్యాక మరొకటి అన్నారు. పద్నాలుగు నెలలు ఆ బండి హైదరాబాదులో ఒక షెడ్డులో నిలబడిపోయింది. నెలకొకసారి వెళ్లి చూసి వచ్చేవాడిని. చివరిసారి వెళ్లినప్పుడు దాని సీటు మీద వేరే బండి బంపరు పడేసి ఉంది. ఆ వారంలోనే వచ్చిన రేటుకు అమ్మేశాను.

మన ఊళ్లలో పనిమంతులైన మెకానిక్‌లకు కొదవ లేదు. కానీ ఆ కార్లకు కావలసిన స్కానర్లు, ప్రత్యేకమైన పనిముట్లు వారి దగ్గర ఉండవు. అనంతపురం నుంచి బెంగళూరుకైనా, కర్నూలు నుంచి హైదరాబాదుకైనా రెండు వందల కిలోమీటర్ల పైమాటే. చిన్న సెన్సార్ పోయినా బండిని లారీ మీద ఎక్కించి పంపాలి, బాగయ్యాక మళ్లీ తెచ్చుకోవాలి. ఆ ఖర్చును ఎవరూ ముందుగా లెక్క వేసుకోరు.

ఇంకొక మాట. రెండు బండ్ల మధ్య తేడా 8 లక్షలు. హైదరాబాదు యజమాని అన్ని లక్షల పని చేయించి ఉంటే, అదే పనిని మీరు 4 లక్షల్లో ఎలా ముగించగలరు?

నాపరాయి (కడప):

బురుజు గారి చివరి ప్రశ్న చాలా సరైనది. కానీ దానికి జవాబు ‘కొనవద్దు’ కాదు, ‘18 లక్షలకు కొనవద్దు’ అని నేనంటాను. బెంగళూరులో విదేశీ కార్ల షెడ్డులో పదకొండేళ్లు పనిచేసి వచ్చినవాడిని కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

అమ్మే ఆయన చెప్పిన నాలుగు లోపాలూ కంటికి కనిపించేవి. వాటికి వెల కట్టవచ్చు. మనల్ని ముంచేవి ఆయనకు కూడా తెలియనివి. ఈ కారులో ముందు బానెట్ ఎత్తితే సామాన్ల అర తప్ప ఇంజిన్ కనిపించదు. వెనక డిక్కీ ఎత్తినా అంతే. ఇంజిన్ సీట్ల వెనుక, మధ్యలో కూర్చుని ఉంటుంది. అందువల్ల లిఫ్టు మీద ఎక్కించి కింద నిలబడి చూడకుండా ఈ బండి గురించి ఎవరు ఏమి చెప్పినా నమ్మవద్దు.

ఈ ఇంజిన్ల విషయంలో అందరూ భయపడేది ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ గురించి, అంటే ఇంజిన్ లోపల తిరిగే ఒక ఇరుసును పట్టి ఉంచే బేరింగ్. అది అరిగి విరిగితే ఇనుప రజను ఆయిల్‌లో కలిసి ఇంజిన్ మొత్తం పాడవుతుంది. 2005 దాకా వచ్చిన ఇంజిన్లలో చిన్న బేరింగ్ ఉండేది. గేర్‌బాక్స్, క్లచ్ దించితే దాన్ని బయటికి తీసి మార్చవచ్చు. 2006 నుంచి 2008 వరకు పెద్ద బేరింగ్ వేశారు. అది పాడైన సందర్భాలు చాలా తక్కువ, కానీ ఇంజిన్‌ను రెండుగా విడదీస్తే తప్ప మార్చలేము. 2009లో కొత్త ఇంజిన్ వచ్చాక ఆ షాఫ్టే లేకుండా పోయింది. మీది 2007 బండి కనుక ముందుగా మార్చేసి నిశ్చింతగా ఉండే దారి లేదు. ఉన్నది చూసుకుని కొనడమే.

చూడడం కష్టమేమీ కాదు. ఆయిల్ ఫిల్టరు విప్పించి, లోపలి మడతల కాగితాన్ని కత్తితో కోసి, తెల్లని బట్ట మీద పరచి ఎండలోకి తీసుకువెళ్లండి. మడతలను ఒక్కొక్కటిగా వేళ్లతో విడదీసి చూడండి. నల్లటి మడ్డి ఉండడం సహజమే. చెమ్కీలాగా మెరిసేవి కనిపిస్తే అయస్కాంతం దగ్గరికి పెట్టండి. అంటుకుంటే అక్కడితో ఆ బేరం వదులుకుని వచ్చేయండి. రెండు రోజుల ముందే కొత్త ఫిల్టరు వేశారని తెలిస్తే, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ వస్తామని చెప్పండి.

తరువాత సీట్ల కింద కార్పెట్ ఎత్తి చేయి పెట్టి చూడండి. గుడ్డ పైకప్పు మీద పడిన నీరు పోవడానికి వెనక మూలల్లో సన్నని దారులు ఉంటాయి. బండి వేప చెట్టు కింద రెండు వానాకాలాలు నిలబడిందంటే ఆకులు, పూత ఆ దారుల్లో బిగుసుకుని నీరు లోపలికి దిగుతుంది. సీటు కిందనే ఎలక్ట్రానిక్ పెట్టెలు ఉంటాయి, తడిస్తే తాళమే పనిచేయదు. ఇదే ఆకుల బాధ ముందు రేడియేటర్లకూ ఉంది. చెత్త బంపరు లోపల కుళ్లి లోహాన్ని తినేస్తుంది. ఒక పక్క కారుతోందంటే రెండో పక్క కూడా కారడానికి సిద్ధంగా ఉన్నట్టే కనుక రెండింటికీ లెక్క వేయండి. మన ప్రాంతంలో వానలు తక్కువ కాబట్టి బండి ఇక్కడికి చేరాక ఈ చెమ్మ గొడవ తగ్గుతుంది, కానీ మన ఎండలో బలహీనమైన కూలింగ్‌తో నడపడం ఇంజిన్‌ను చేజేతులా పాడు చేసుకోవడమే.

క్లచ్‌కు గేర్‌బాక్స్ ఎలాగూ దించాలి. అప్పుడే వెనక ఆయిల్ సీలు కూడా మార్పించండి. రెండోసారి దించితే కూలి మళ్లీ మొదటినుంచి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, 2007 బండి దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినది కాదు. ఇథనాల్ తేమను పీలుస్తుంది కాబట్టి నిలబడిన బండిలో రబ్బరు గొట్టాలను తప్పక చూడాలి.

క్లచ్, రెండు రేడియేటర్లు, పైకప్పు గుడ్డ, టైర్లు కలిపి నా అంచనాలో 5 లక్షలకు తక్కువ కాదు. తెలియని వాటికి మరో 2 లక్షలు ఉండాలి. అంటే మీ 22 లక్షల్లో బండికి ఇవ్వగలిగింది 15 లక్షలు మాత్రమే.

గుత్తికోట (గుత్తి):

పత్రాల పని చేసేవాడిగా నాలుగు మాటలు. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆపైన ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. ఈ బండికి 2022లో పొడిగింపు జరిగిందో లేదో ఆర్సీలో ముందు చూడండి. జరిగి ఉంటే ఆ గడువు 2027లో ముగుస్తుంది. అప్పటికి బండికి 20 ఏళ్లు నిండుతాయి. 20 ఏళ్లు దాటిన దిగుమతి కార్ల పొడిగింపు రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో 80,000 రూపాయలు చేసింది. కర్ణాటక నుంచి ఫారం 28తో ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం), యాజమాన్యం మారడానికి 29, 30 ఫారాలు కావాలి. పన్నెండు నెలలకు మించి బండి మన రాష్ట్రంలో ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఇది కూడా ఆ 22 లక్షల్లోంచే పోవాలి.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):

నాపరాయి గారి లెక్క, గుత్తికోట గారి లెక్క కలిపితే బండికి 14 లక్షలే మిగులుతాయి. 18 చెప్పిన మనిషి 14కు దిగుతాడా? దిగకపోతే మనసు ఆగక 16కు ఒప్పుకుని వస్తారేమోనన్నదే నా భయం, ఎందుకంటే నేను అలాగే ఒప్పుకున్నాను.

క్లాక్‌టవర్ (అనంతపురం):

నిన్న బెంగళూరు వెళ్లి వచ్చాను. ఒక షెడ్డులో డబ్బు కట్టి లిఫ్టు మీద ఎక్కించి చూపించాను. ఫిల్టరు పాతదే, బిల్లు ప్రకారం పదకొండు నెలల నాటిది. కాగితాన్ని పరచి అరగంట సేపు చూశాము. మడ్డి తప్ప మెరుపు ఒక్కటీ కనిపించలేదు, అయస్కాంతానికి ఏమీ అంటలేదు. అప్పటికి కొనేయాలన్న తొందర నాకు వచ్చేసిందని ఒప్పుకోవాలి. తరువాత డ్రైవరు సీటు వెనక్కి జరిపి కార్పెట్ ఎత్తి, అడుగున ఉన్న స్పాంజి పిండితే నీరు కారింది. పెట్టె కనెక్టరుకు పచ్చని చిలుము పట్టి ఉంది. యజమాని ఎంతో నొచ్చుకున్నారు. ఆయనకు నిజంగానే తెలియదు. రెండో రేడియేటర్ అంచున కూడా తెల్లటి చార కనిపించింది.

ఆర్సీ 2027 దాకా పొడిగించి ఉంది. ఈ లెక్కలన్నీ కాగితం మీద రాసి ఆయన ముందే పెట్టి, 14 లక్షలకు మించి ఇవ్వలేనని చెప్పాను. బురుజు గారు, మీ మాట గుర్తుంచుకుని బయానా డబ్బు జేబులో పెట్టుకోకుండానే వెళ్లాను. ఆయన 16 అన్నారు. నేను లేచి నమస్కారం పెట్టి వచ్చేశాను. ఈ ఉదయం ఫోన్ చేసి ఆదివారం దాకా ఆలోచించుకుంటానన్నారు.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):

14కు ఇస్తే కొనండి. నా అభిప్రాయం ఆ మేరకు మార్చుకుంటున్నాను. 14.5 అన్నా వద్దు.

నాపరాయి (కడప):

ఆ కనెక్టరును ఎవరూ కదపకుండా, బ్యాటరీ తీగ విప్పి ఉంచమని యజమానికి చెప్పండి. బేరం కుదిరితే ముందు క్లచ్, రేడియేటర్ల పని బెంగళూరులోనే చేయించండి. అక్కడినుంచి ఇక్కడికి లారీ మీదే తెండి. కొత్త రేడియేటర్లు వేసినా, కూలింగ్ నీటిలోని గాలి బుడగలు పూర్తిగా పోయాయో లేదో ఊరిలో నాలుగు రోజులు తిప్పి చూడకుండా ఈ ఎండలో హైవే ఎక్కించవద్దు.