తలుపు దగ్గర ఐఆర్ బీమ్: 38 కిలోహెర్ట్జ్ రిసీవర్ పనికొస్తుందా?

కొత్తబోర్డు
తలుపులోంచి ఎంతమంది వెళ్లారో లెక్కపెట్టే చిన్న ప్రాజెక్టు చేస్తున్నాను. ఒక పక్క ఐఆర్ (కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు) ఎల్ఈడీ, ఎదురుగా 1838 అని అమ్మే మూడు కాళ్ల రిసీవర్. ఆర్డుయినో ఊనోలో టోన్ ఫంక్షన్‌తో ఎల్ఈడీని 38 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 38 వేల సార్లు, ఆపకుండా మిణికిస్తున్నాను. ఆన్ చేయగానే రిసీవర్ అవుట్‌పుట్ "లో" (బీమ్ అందుతోందని అర్థం) అవుతుంది, కాసేపటికి ఎవరూ అడ్డం రాకపోయినా దానంతట అదే "హై" (బీమ్ అందడం లేదని) అయిపోతుంది. టీవీ రిమోట్ నొక్కితే మాత్రం చక్కగా పట్టుకుంటోంది. రిసీవర్ పోయిందంటారా?

పాతటంకం
పోలేదండీ, దాని పని అది చేస్తోంది. ఆ డబ్బాలో ఉన్నది ఒట్టి ఫోటోడయోడ్ కాదు. యాంప్లిఫైయర్, 38 కిలోహెర్ట్జ్ ఫిల్టర్, గెయిన్‌ని, అంటే సిగ్నల్‌ని ఎంత పెంచాలో, దానంతట అదే సర్దే ఏజీసీ అన్నీ లోపలే ఉంటాయి. రిమోట్ ఎప్పుడూ సిగ్నల్‌ని ముక్కలుగా, అంటే బర్స్ట్‌లుగా పంపుతుంది. ఎన్ఈసీ అనే రిమోట్ ప్రోటోకాల్‌లో మొదట 9 మిల్లీసెకన్ల బర్స్ట్, 4.5 మిల్లీసెకన్ల ఖాళీ, ఆ తర్వాత ఒక్కో బిట్‌కి సుమారు 560 మైక్రోసెకన్ల బర్స్ట్, మళ్లీ ఖాళీ. ఆగకుండా వచ్చేదాన్ని ఈ రిసీవర్ లైట్ల గోల కింద జమకట్టి గెయిన్ తగ్గించేసుకుంటుంది. డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో) ఉన్న సంగతే ఇది. బర్స్ట్‌లు పంపండి, సరిపోతుంది.

సర్క్యూట్_సుబ్బడు
వచ్చింది డేటాషీట్! అడిగినాయన తలుపు దగ్గర మనిషిని చూడాలంటున్నాడు, టీవీ చానల్ మార్చాలనడం లేదు. రిమోట్ కోసం చేసినదాన్ని బీమ్‌కి వాడటమే తప్పు. మామూలు ఫోటోడయోడ్, ఒక ఎల్ఎం 393 కంపారేటర్ (రెండు వోల్టేజీలని పోల్చే చిప్), హద్దు సర్దడానికి ఒక పొటెన్షియోమీటర్ పెట్టు తమ్ముడూ. వెలుగు పడితే ఒకటి, పడకపోతే సున్నా. ఏజీసీ లేదు, టెన్షన్ లేదు.

రాత్రి_కోడర్
ఒక చిన్న సవరణ. 16 మెగాహెర్ట్జ్ ఊనోలో టోన్‌కి 38000 ఇస్తే వచ్చేది 38000 కాదు, దాదాపు 38095. టైమర్ విలువ పూర్ణసంఖ్య కావాలి కదా.

పాతటంకం
తేడా 0.25 శాతం. ఆ ఫిల్టర్‌కి అదొక లెక్కా? సుబ్బడు గారూ, తలుపులోంచి ఎండ పడితే మీ ఫోటోడయోడ్ గతేంటి? ఎండలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది, కంపారేటర్‌కి ఏ వెలుగు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియదు. పొద్దున సర్దిన పొటెన్షియోమీటర్‌ని మధ్యాహ్నం మళ్లీ తిప్పుకుంటూ కూర్చోవాలి. ఆ బాధ లేకుండా చేయడానికే క్యారియర్, అంటే ఆ 38 కిలోహెర్ట్జ్ మిణుకు, వాడేది.

సర్క్యూట్_సుబ్బడు
ఎండ పడకుండా గొట్టం పెడితే సరి.

రాత్రి_కోడర్
శాతం సంగతి నాకూ తెలుసు. సరిగ్గా 38 అని అందరూ రాస్తుంటే చెప్పానంతే.

లూప్‌లో_ఉన్నా
రిసీవర్ కాళ్లు చూసుకున్నారా? ఇలాంటి రిసీవర్లలోనే టీఎస్ఓపీ 1738లో మొదటి కాలు గ్రౌండ్, టీఎస్ఓపీ 38238లో మొదటి కాలు అవుట్‌పుట్.

సర్క్యూట్_సుబ్బడు
హా, ఆ మాటే రావాలని చూస్తున్నా. ఒకసారి ఇలాగే ఒక చర్చలో ఒక పెద్దమనిషి నాకు కూడా డేటాషీట్ చూడమన్నాడు. చూశా. అది 1738ది. నా చేతిలో ఉన్నదాని మీద నంబరే లేదు. అందులో ఉన్నట్టే కలిపా, నిమిషంలో వేలు కాలేంత వేడెక్కి పోయింది. తర్వాత వెళ్లి అడిగితే "సరైన డేటాషీట్ చూడాల్సింది" అని ఒక్క ముక్క రాసి వెళ్లిపోయాడు. నంబర్ లేని దానికి సరైన డేటాషీట్ ఎక్కణ్నుంచి వస్తుందో చెప్పండి ఎవరైనా.

పాతటంకం
అది అమ్మినవాడి తప్పు, డేటాషీట్‌ది కాదు. పైగా ఇక్కడ ఆయన రిసీవర్ రిమోట్‌ని పట్టుకుంటోంది, అంటే కాళ్లు సరిగ్గానే ఉన్నాయి. ప్రశ్న చదివి జవాబు రాస్తే బాగుంటుంది.

సర్క్యూట్_సుబ్బడు
చదవడం రాకపోతే ఇక్కడికి రానులెండి. మీలాంటి పెద్దలు నాలుగు వాక్యాల్లో ఏజీసీ పాఠం చెప్పి "సరిపోతుంది" అంటారు. బర్స్ట్ ఎంతసేపు, ఖాళీ ఎంతసేపు, అవుట్‌పుట్ ఎప్పుడు చదవాలి, ఒక్కటైనా చెప్పారా? కొత్తవాడు వారం తంటాలుపడి ప్రాజెక్టు మూలన పడేస్తాడు. నేను చెప్పింది ఈ సాయంత్రమే పనిచేస్తుంది.

పాతటంకం
ఈ సాయంత్రం పనిచేసి రేపు ఎండకి ఆగిపోతుంది. అప్పుడు ఇంకో మాడ్యూల్ కొనమంటారు, అంతేగా? ఏ చర్చ చూసినా ఇదే వరస, పనిచేయకపోతే పార్ట్ మార్చు, ఎందుకు పనిచేయలేదో మాత్రం అడక్కు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఫోటోడయోడ్ మీద నాకేం పగ లేదు.

సర్క్యూట్_సుబ్బడు
నాకూ 1838 మీద పగ లేదు. కారణం చెప్పి చేతులు దులుపుకోవడం మీదే నా కోపమంతా.

పాతటంకం
సరే, మొత్తం రాస్తాను. 38 కిలోహెర్ట్జ్‌లో ఒక సైకిల్ సుమారు 26 మైక్రోసెకన్లు. టోన్ ఆన్ చేసి 600 మైక్రోసెకన్లు ఆగండి, అంటే 23 సైకిళ్ల దాకా వస్తాయి. రిసీవర్ స్పందించడానికి కొన్ని సైకిళ్లు పడుతుంది కాబట్టి పిన్‌ని ఆ 600 చివర్లో, టోన్ ఆపకముందే చదవండి. లో ఉంటే దారి ఖాళీ, హై ఉంటే ఎవరో అడ్డం ఉన్నట్టు. తర్వాత టోన్ ఆపి 20 మిల్లీసెకన్లు ఊరుకోండి. నడిచే మనిషికి సెకనుకి 48 సార్లు చూడటం చాలా ఎక్కువే. రిసీవర్ సప్లైలో 100 ఓమ్‌ల రెసిస్టర్, గ్రౌండ్‌కి 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే తప్పుడు పల్స్‌లు తగ్గుతాయి. ఆగని క్యారియరే కావాలంటే దానికి టీఎస్‌ఎస్‌పీ 4038 లాంటివి వేరే ఉన్నాయి.

రాత్రి_కోడర్
ఐఆర్‌రిమోట్ లైబ్రరీ (రిమోట్ సిగ్నల్స్ చదివే రెడీమేడ్ కోడ్) కూడా అదే స్కెచ్‌లో, అంటే ప్రోగ్రామ్‌లో, కలపకండి. ఊనోలో అదీ టోనూ రెండూ టైమర్ 2నే వాడతాయి, ఆ టైమర్‌కి చెందిన ఇంటరప్ట్ వెక్టర్ 7ని రెండుసార్లు నిర్వచించారని కంపైలర్ మొరాయిస్తుంది.

కొత్తబోర్డు
పాతటంకం గారూ, మీరు రాసినట్టే చేశాను, అవుట్‌పుట్ ఇప్పుడు నిలకడగా లో వస్తోంది. కానీ కొత్త చిక్కొచ్చింది. మధ్యలో నిలబడినా హై అవడం లేదు! ఎల్ఈడీని చేత్తో పూర్తిగా మూస్తేనే మారుతోంది.

లూప్‌లో_ఉన్నా
గోడల మీద తగిలి చుట్టూ తిరిగి వస్తోంది. ఈ రిసీవర్లకి పిసరంత వెలుగు చాలు.

పాతటంకం
అదే. ఎల్ఈడీ రెసిస్టర్ ఎంత పెట్టారు? 220 ఓమ్‌లైతే దాదాపు 17 మిల్లీయాంప్‌లు పోతున్నాయి. తలుపు వెడల్పుకి అంత అక్కర్లేదు, 1 కిలోఓమ్‌తో మొదలుపెట్టి బీమ్ అందినంతవరకూ పెంచుకుంటూ వెళ్లండి. రెండు వైపులా సన్న గొట్టాలు తొడగండి.

కొత్తబోర్డు
1 కిలోఓమ్ పెట్టాక మనిషి అడ్డం వస్తే పది సార్లలో ఎనిమిది సార్లు పట్టుకుంటోంది. నల్ల ప్లాస్టిక్ గొట్టం కూడా తొడిగాను, దానివల్ల పెద్ద తేడా లేదు. గొట్టం మూతి మూసేసి పక్క నుంచి రిమోట్ నొక్కినా రిసీవర్ పట్టుకుంటోంది, ఇదేం విడ్డూరం?

సర్క్యూట్_సుబ్బడు
కంటికి నల్లగా ఉన్నదల్లా ఐఆర్‌ని ఆపదు తమ్ముడూ, కొన్ని నల్ల ప్లాస్టిక్‌లలోంచి అది నేరుగా వెళ్లిపోతుంది. గొట్టానికి బయట అల్యూమినియం ఫాయిల్ చుట్టు, కాళ్లకి తగలనీయకు. లోపల మెరిసేది ఏదీ పెట్టకు. చుట్టాక మళ్లీ పక్క నుంచే రిమోట్ నొక్కి చూడు. ఇది మాత్రం ఏ డేటాషీట్‌లోనూ దొరకదు.