కార్నెలియా డి లాంజ్ సిండ్రోమ్: రక్తపరీక్ష నార్మల్ వస్తే లేనట్టేనా?

ప్రశ్న: రెండేళ్ల బాబు. కార్నెలియా డి లాంజ్ సిండ్రోమ్ (జన్యుమార్పు వల్ల పుట్టుకతో వచ్చే జబ్బు) అని అనుమానం. కనుబొమలు కలిసిపోయాయి, పై పెదవి బాగా సన్నం, ఎడమ చేతికి మూడే వేళ్లు. నడక, మాటలు ఇంకా రాలేదు. రక్తం తీసి చేసిన ఎన్‌ఐపీబీఎల్ జీన్ (ఈ జబ్బుకి ఎక్కువగా కారణమయ్యే జన్యువు) టెస్టులో ఏమీ దొరకలేదు. ఇది ఆ సిండ్రోమ్ కాదనుకోవచ్చా? తిన్నాక విల్లులా వెనక్కి వంగి ఏడుస్తాడు, చెయ్యి కొరుక్కుంటాడు. అది బుద్ధి ఎదగకపోవడం వల్లేనా?

జవాబు 1: అనుకోకూడదు. ఇందులో మొజాయిసిజం బాగానే కనిపిస్తుంది. అంటే జన్యుమార్పు కొన్ని కణాల్లోనే ఉంటుంది, రక్తంలో అస్సలు కనపడకపోవచ్చు. బుగ్గ లోపలి స్వాబ్‌తోనో చర్మం ముక్కతోనో మళ్లీ చేయించండి. మొజాయిసిజం కోసం చూడాలని ల్యాబ్‌కి ఇచ్చే ఫారంలోనే రాయించండి. స్వాబ్‌కి ముందు అరగంట ఏమీ పెట్టొద్దు. తల్లిపాలు తాగుతుంటే మరీ జాగ్రత్త, పాలలో తల్లి కణాలుంటాయి. ఎన్‌ఐపీబీఎల్ ఒక్కటే కాదు, ఎస్‌ఎంసీ1ఏ, ఎస్‌ఎంసీ3, రాడ్21, హెచ్‌డాక్8 జన్యువులు కూడా ఉన్న ప్యానెల్ (చాలా జన్యువుల్ని ఒకేసారి చూసే పరీక్ష) అడగండి.

2018 అంతర్జాతీయ మార్గదర్శకాల పాయింట్ల లెక్కన కనుబొమలకి 2, పెదవికి 2, లేని వేళ్లకి 2, ఎదుగుదల ఆలస్యానికి 1. ఇప్పటికే 7. ముక్కు ఆకారం, ముక్కుకీ పెదవికీ మధ్య గాడి, తల చుట్టుకొలత, పుట్టినప్పటి బరువు ఇంకా కలపలేదు. మొత్తం 11 లేదా అంతకంటే ఎక్కువ వస్తే, వాటిలో కనీసం మూడు ప్రధాన లక్షణాలు (2 పాయింట్లవి) ఉంటే, జీన్ దొరక్కపోయినా క్లాసిక్ రకమే.

జవాబు 2: జీన్ సంగతి నెమ్మదిగా తేలుతుంది, ముందు ఆ ఏడుపు చూడండి. తిన్నాక వెనక్కి వంగడం రిఫ్లక్స్‌కి (పొట్టలోది అన్నవాహికలోకి తన్నుకురావడం) గుర్తు. ఈ పిల్లల్లో అది చాలామందికి ఉంటుంది, మందులు లేకపోతే అన్నవాహిక పుండు కావచ్చు. నొప్పని చెప్పలేని పిల్లాడు చెయ్యి కొరుక్కుంటాడు. దాన్ని ‘ప్రవర్తన’ అని రాసేసే ముందు రిఫ్లక్స్, చెవి, పళ్లు, మలబద్ధకం వరసగా చూడాలి.

వాంతి ఆకుపచ్చగా వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. ఈ సిండ్రోమ్‌లో పేగులు పుట్టుకతోనే సరిగా అమరక మెలిపడే ప్రమాదం ఉంది. మెలిపడితే రక్తం అందక పేగు చచ్చిపోతుంది.

జవాబు 3: బేరా (వినికిడి పరీక్ష) చేయించారా? మాటలు రాకపోవడంలో వినికిడి లోపం వాటా చాలాసార్లు ఉంటుంది. బరువు మామూలు చార్టులో చూసి కంగారుపడొద్దు, ఈ సిండ్రోమ్‌కి వేరే చార్టులున్నాయి. కృత్రిమ చేతికి తొందరేం లేదు, ఉన్న మూడు వేళ్లతో పట్టు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ ముందు.

తల్లిదండ్రుల రిపోర్టులు నార్మల్ అయినా మళ్లీ గర్భం దాల్చే ముందు జెనెటిక్ కౌన్సెలింగ్ తప్పనిసరి. అండాల్లోనో వీర్యకణాల్లోనో ఆ మార్పు దాగి ఉండొచ్చు.