ఎల్‌ఈడీ బల్బు వేడితో ఇడ్లీ పిండి పులుస్తుందా?

ప్రశ్న: మాది ఆదిలాబాద్. డిసెంబర్ వచ్చిందంటే ఇడ్లీ పిండి పొంగదు, పెరుగు తోడుకోదు. వంటింట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సాయంత్రం నుంచి పడుకునేదాకా వెలుగుతూనే ఉంటుంది. దాని వెనక భాగం ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ఆ వేడి ఊరికే పోతోంది కదా, పిండికో, తడి బట్టలు ఆరడానికో వాడుకోవచ్చా?

జవాబు: ముట్టుకుంటే కాలినంత మాత్రాన వేడి చాలా ఉన్నట్టు కాదండీ. కొంచెం వేడే చిన్న చోట పోగవడం వల్ల అలా అనిపిస్తుంది. 9 వాట్లలో వేడిగా మారేది సుమారు 6 వాట్లు. 5 గంటలు వెలిగితే 0.03 యూనిట్. అదంతా ఏమాత్రం బయటికి పోకుండా పట్టగలిగితే లీటరు నీళ్ల వేడి ఉన్నదానికంటే సుమారు 25 డిగ్రీలు పెరుగుతుంది. కానీ అంత నెమ్మదిగా వచ్చే వేడి గిన్నెలో నిలవదు, వచ్చింది వచ్చినట్టే చలిగాలికి పోతుంది. పైగా మీ బల్బు సీలింగ్ దగ్గర, పిండి గట్టు మీద.

బట్టల సంగతి ఇంకా కష్టం. వాటిలోని లీటరు నీరు ఆవిరవ్వాలంటే దాదాపు 0.65 యూనిట్ కావాలి. మీ బల్బుని రాత్రింబవళ్లు ఆపకుండా వెలిగించి, వేడి మొత్తం దానికే పెట్టినా నాలుగు రోజులు దాటుతుంది. ఫ్యాన్ కింద ఆరేసుకోండి. వేడి ఆపుదామని బల్బుకి గుడ్డ చుట్టడం, డబ్బా తొడగడం మాత్రం వద్దు. లోపలి డ్రైవర్ (ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటు అందించే సర్క్యూట్) వేడెక్కి త్వరగా పాడైపోతుంది.

మరొకరు: పిండికి కావాల్సింది 28 నుంచి 32 డిగ్రీలు, అంతే. మూసిన పెట్టెలో పాత రకం జీరో బల్బు పెడితే సరిపోతుంది. పేరుకే జీరో, లాగేది 12 నుంచి 15 వాట్లు, దాదాపు అంతా వేడే. కొనేటప్పుడు ఫిలమెంట్‌దే అడగండి, జీరో పేరుతో ఎల్‌ఈడీ కూడా అమ్ముతున్నారు. అమెరికాలో మా అక్క వాళ్లు చలికాలంలో ఓవెన్ ఆన్ చేయకుండా లోపలి లైటు మాత్రం వేసి పిండి పెడతారు. చాలా ఓవెన్లలో అది ఫిలమెంట్ బల్బే.

ప్రశ్న అడిగినవారు: అన్నా, అప్పుడు అది వృథా వేడి వాడుకోవడం ఎలా అవుతుంది? కరెంటు ఖర్చే కదా!

మరొకరు: నిజమే, అది హీటరే. కాకపోతే రాత్రంతా 10 గంటలు వేసినా 0.15 యూనిట్. పెరుగుకి అది కూడా అక్కర్లేదు. పాలు 42 డిగ్రీల దగ్గర తోడేసి హాట్ బాక్స్‌లో పెట్టి దుప్పటి కప్పండి.

ఇంకొకరు: బల్బు వేడి నిజంగా పనికొచ్చేది కోడిపిల్లలకి. మొదటి వారం 35 డిగ్రీలు కావాలి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి. పిల్లలన్నీ బల్బు కింద గుమిగూడితే చలి, అంచులకి పారిపోతే వేడి ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు: పెట్టెకి థర్మాకోల్ వాడొచ్చా?

మరొకరు: వద్దు, బల్బు తగిలితే కరుగుతుంది, అంటుకోవచ్చు కూడా. చెక్క పెట్టె తీసుకుని హోల్డర్‌ని గట్టిగా బిగించండి. బల్బు గిన్నెకి పక్కగా ఉండాలి, చెక్కకీ గుడ్డకీ తగలకూడదు. పిండి పొంగి వేడి గాజు మీద పడితే పగులుతుంది. అందుకే సగం గిన్నెకే పిండి పోయండి.