క్యాంపస్ పరిచర్యకు సపోర్ట్ అడగాలంటే నోరు రావడం లేదు, మీరంతా ఎలా అడిగారు?

మొదటి అడుగు:

అందరికీ వందనాలు. నా చదువు అయిపోయింది. కాలేజీ రోజుల్లో నన్ను నిలబెట్టిన విద్యార్థి పరిచర్యలోనే (క్యాంపస్‌లో విద్యార్థుల మధ్య చేసే క్రైస్తవ సేవ) పూర్తికాలం సేవ చేయాలని నిర్ణయించుకున్నాను. ఇంటర్వ్యూలు, శిక్షణ అయ్యాయి, సంస్థ తీసుకుంది కూడా. కానీ జీతం సంస్థ ఇవ్వదు. నెల ఖర్చులకు కావలసిన సపోర్ట్ నేనే సమకూర్చుకోవాలి, అంత మొత్తానికీ నెలనెలా ఇస్తామని మాట ఇచ్చిన భాగస్వాములు దొరికాకే క్యాంపస్‌కు పంపుతారు. ఐదు నెలలైంది, 38 శాతం దగ్గర ఆగిపోయాను.

అడగబోతే గొంతు పట్టేస్తుంది. ఫోన్ చేసి అరగంట క్షేమ సమాచారాలు మాట్లాడి, అసలు విషయం చెప్పకుండానే పెట్టేసిన రోజులు చాలా ఉన్నాయి. మా నాన్న ప్రార్థన చేసే మనిషే, అయినా "ఇంత చదివించింది నలుగురి ముందు చెయ్యి చాపడానికా" అన్నారు. ఆ మాట విన్నాక రెండు వారాలు ఎవరికీ ఫోన్ చేయలేకపోయాను. సంఘంలో ఒక పెద్దాయనేమో "బైబిల్లో పౌలు డేరాలు కుట్టుకుంటూ సేవ చేశాడు కదా, నువ్వూ ఏదైనా పని చూసుకో" అన్నారు. అదీ నిజమే కదా అనిపిస్తోంది. అసలు అడగడం తప్పా? కాకపోతే ఎలా అడగాలి?

పన్నెండో ఏడు:

తమ్ముడూ, ముందు ఆ డేరాల సంగతి చూద్దాం. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో మూడో వచనం దగ్గర ఆగకుండా ఐదో వచనం దాకా చదువు. కొరింథులో పౌలు అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు, నిజమే. సీల, తిమోతి మాసిదోనియ నుంచి వచ్చాక వాక్యం చెప్పడంలోనే మునిగిపోయాడు. దాని పక్కన 2 కొరింథీయులు 11:9 పెట్టుకుని చూడు, మాసిదోనియ నుంచి వచ్చిన సహోదరులు తన అవసరం తీర్చారని ఆయనే రాశాడు. కాబట్టి ఆయన జీవితంలో పనీ ఉంది, సపోర్టూ ఉంది. ఇంకో సంగతి, కొరింథులో ఉండగా కొరింథు వాళ్ల దగ్గర తీసుకోలేదు, మాసిదోనియలోని ఫిలిప్పీ వాళ్ల దగ్గర తీసుకున్నాడు. నేను అక్కడి నుంచే ఒక నియమం పెట్టుకున్నాను, ఏ క్యాంపస్‌లో సేవ చేస్తున్నానో అక్కడి విద్యార్థుల దగ్గర పైసా తీసుకోను. చదువు అయిపోయి ఉద్యోగంలో చేరి వాళ్లంతట వాళ్లు వస్తే అది వేరు.

ఎలా అడగాలన్నదానికి నాకు దారి చూపింది బైబిల్లో పర్షియా రాజు దగ్గర పనిచేసిన యూదుడు నెహెమ్యా. యెరూషలేము గోడలు కూలి ఉన్నాయన్న కబురు కిస్లేవు నెలలో విన్నాడు, వెళ్లి కట్టడానికి రాజును సెలవు అడిగింది నీసానులో. మధ్యలో సుమారు నాలుగు నెలలు. కబురు విన్న దగ్గర్నుంచి కన్నీళ్లు, ఉపవాసం, ప్రార్థన. కానీ అడిగిన రోజు నీళ్లు నమల్లేదు. ఎన్నాళ్లు పడుతుందో చెప్పాడు, దారిలో అధికారులకు లేఖలు కావాలన్నాడు, మాను ఇవ్వాల్సిన అడవి అధికారి ఆసాపు పేరుతో సహా చెప్పాడు. మనం చేసే తప్పు "మీకు తోచింది ఇవ్వండి" అనడం. ఎదుటి మనిషికి ఎంత చెప్పాలో తెలియదు, ఇబ్బంది పడి ఒక్కసారి ఏదో చేతిలో పెట్టి పంపేస్తారు. "నెలకు ఇంత చొప్పున ఒక ఏడాది మాతో నిలబడగలరా" అని అడిగి, ఇక నోరు మూసుకో. ఆ అర నిమిషం చాలా కష్టం, నాకు ఇప్పటికీ కష్టమే, కానీ ఆ నిశ్శబ్దాన్ని నువ్వే నింపేసి "పర్లేదు, ఇవ్వకపోయినా ఏం కాదు" అనేస్తే వాళ్ల జవాబు నువ్వే చెప్పేసినట్టు.

ఫోన్ కలవడానికి సమయం అడగడం కోసమే వాడు. వాట్సాప్ గ్రూపులో పోస్టు పెట్టి ఎదురుచూడకు. "ప్రార్థన చేసి చెబుతాను" అంటే "తప్పకుండా, ఏ రోజు ఫోన్ చేయమంటారు" అని అడిగి ఆ రోజే చెయ్యి. వాళ్లు ఔనన్నా కాదన్నా, లేచే ముందు "ఈ పని గురించి వినడానికి ఇష్టపడేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా" అని అడుగు. 38 దగ్గర ఆగావంటే చాలామంది కాదన్నారని కాకపోవచ్చు, నీ దగ్గర పేర్లు అయిపోయి ఉంటాయి.

నెలనెలా:

నేను ఇచ్చే వైపు మనిషిని. ఉద్యోగం చేస్తాను, ఇద్దరు క్యాంపస్ సేవకులకు నెలనెలా పంపుతాను. ఇంతకుముందు ముగ్గురికి.

మూడో అబ్బాయికి ఎందుకు మానేశానో చెబుతాను, నీకు పనికొస్తుంది. ఏడాదిన్నర పంపాను, ఈ మధ్యలో అతని నుంచి వచ్చినవి రెండే మెసేజ్‌లు, రెండూ ఇంకొంచెం పెంచగలరా అని. చాలా బాధేసింది. ఇంకో అమ్మాయి ప్రతి నెలా నాలుగు లైన్లు రాస్తుంది. ఈ వారం బైబిల్ స్టడీకి ఇద్దరే వచ్చారని, తనకు నిరుత్సాహంగా ఉందని, పరీక్షల టెన్షన్‌లో ఉన్న ఫలానా విద్యార్థి కోసం ప్రార్థించమని (పేరు మాత్రం రాయదు, ఆ జాగ్రత్త నాకు నచ్చింది). ఆ నాలుగు లైన్లు చదివి ఆఫీసుకు వెళ్తూ ప్రార్థన చేసుకుంటాను. నేను క్యాంపస్‌కు వెళ్లలేను, నా బదులు ఆ పిల్ల వెళ్తోంది. లూకా 8లో మగ్దలేనే మరియ, యోహన్న, సూసన్న తమ ఆస్తితో యేసుకూ శిష్యులకూ ఉపచారం చేశారని ఉంది కదా, అది చదివినప్పుడల్లా నాకూ చోటు ఉందని సంతోషం వేస్తుంది.

కాబట్టి బాబూ, "వీళ్లకు ఇబ్బందులున్నాయి, వీళ్లు ఇవ్వలేరు" అని నీ అంతట నువ్వు మా పేర్లు కొట్టేయకు. కాదనాలంటే మేమే అంటాం. నాన్నగారికి మాటలతో చెప్పడం కన్నా నీ నెల బడ్జెట్ కాగితం చూపించు. ఆయన బాధ అడుక్కోవడం గురించి అనుకుంటున్నావు, కొడుకు రేపు ఎలా బతుకుతాడన్న భయం కూడా అందులో ఉండి ఉంటుంది.

ఒలీవ కొమ్మ:

పై రెండు జవాబులూ మంచివే. కానీ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అందరికీ ఒకే మొదలు ఉండదు. నేను మా ఇంట్లో మొదటి విశ్వాసిని. బంధువుల్లో అడగదగినవాళ్లు ఒక్కరూ లేరు, మా సంఘంలో చాలామంది రోజు కూలీలు. నాతో శిక్షణ పొందిన ఒకతను పాస్టర్‌గారి అబ్బాయి, రెండు నెలల్లో వంద శాతం అయిపోయింది. నాకు పద్నాలుగు నెలలు పట్టింది. అప్పుడు అందరూ "విశ్వాసం కావాలి" అన్నారు. నాకు తక్కువైంది విశ్వాసం కాదు, పరిచయాలు. రెండేళ్లు సేవ చేశాను, ప్రతి నెలా లోటే, చివరికి ఉద్యోగంలో చేరి సాయంత్రాలు అదే క్యాంపస్‌కు వెళ్తున్నాను. దీన్ని ఓటమి అనుకోను.

హడ్సన్ టేలర్ 1865లో చైనాలో సువార్త సేవ కోసం చైనా ఇన్‌లాండ్ మిషన్ అనే సంస్థ మొదలుపెట్టినప్పుడు మనుషుల్ని డబ్బు అడగకూడదని నియమం పెట్టాడు, జార్జ్ ముల్లర్ కూడా బ్రిస్టల్‌లో అనాథ పిల్లల్ని అలాగే పోషించాడు. వాళ్లను చూపించి "అడగడమే అవిశ్వాసం" అనేవాళ్లు ఎదురైతే కుంగిపోకు. ముల్లర్ ఎవర్నీ అడగలేదు గానీ వచ్చిన కానుకలు, ఖర్చుల లెక్కలతో నివేదికలు అచ్చు వేయించేవాడు. అడిగినా అడగకపోయినా లెక్క చెప్పడం తప్పదు.

ఇంకోటి, సంస్థను సూటిగా అడుగు. వచ్చే కానుకల్లో ఆఫీసు ఖర్చులకు ఎంత శాతం పోతుంది? ఒక నెల తక్కువ పడితే ఏం చేస్తారు? నాలాంటి వాళ్లకు ఉమ్మడి నిధి ఏదైనా ఉందా? గడువులోగా వంద శాతం కాకపోతే ఇప్పటిదాకా ఇచ్చినవాళ్ల డబ్బు ఏమవుతుంది? ఇవి అడగడం గొడవ కాదు. 2 కొరింథీయులు 8లో పౌలు యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పోగుచేసిన చందా విషయంలో ఎవరూ తప్పు పట్టకూడదనే తీతుతో పాటు సంఘాలు నమ్మిన సహోదరుల్ని కూడా పంపాడు. ఈ జవాబులు తెలియకుండా భాగస్వాముల్ని కలవకు, వాళ్లు తప్పకుండా అడుగుతారు.

పన్నెండో ఏడు:

ఒలీవ కొమ్మ చెప్పింది నిజం. మా దగ్గరా ఇలా వెనక్కి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు, వాళ్ల విషయంలో మేం చేయాల్సింది చేయలేదు. నా జవాబులో ఆ మాట లేకపోవడం నా తప్పు. పరిచయాలు ఎక్కువ ఉన్న పాతవాళ్లం కొత్తవాళ్లను వెంటబెట్టుకుని మన భాగస్వాముల దగ్గరికి తీసుకెళ్లాలి. తమ్ముడూ, నీ సంస్థలో సీనియర్ ఒకరిని అలా అడుగు.

మొదటి అడుగు:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి బడ్జెట్ కాగితం నాన్న ముందు పెట్టాను. చాలాసేపు చూశారు. "ఇందులో ఆరోగ్య బీమా ఏది?" అన్నారు. నేను వేయలేదు. ఆయనే పెన్ను తీసుకుని రాశారు, కింద పాత మొత్తం కొట్టేసి కొత్తది వేశారు. దాంతో నా శాతం 38 నుంచి 35కి పడిపోయింది. ఇస్తానని ఆయన ఇంకా అనలేదు, నేనూ అడగలేదు. ఆఫీసు కోత, ఉమ్మడి నిధి గురించి సంస్థకు మెయిల్ పెట్టాను. గురువారం మా పాత లెక్చరర్ ఒకరిని కలుస్తున్నాను, ఫోన్‌లోనే సపోర్ట్ గురించి మాట్లాడాలని చెప్పేశాను. ప్రార్థనలో గుర్తు పెట్టుకోండి.