కొత్త పడవ రేవుకొస్తే మొదటి చోటు ఎవరికి?

కొండమిట్ట కండక్టరు (చిత్తూరు):

అందరికీ నమస్కారం. బస్సులో కండక్టరుగా చేసి రిటైరయినవాణ్ణి. మొన్న ఎండాకాలం మా చిన్నకూతురు కాపురముండే ఎర్నాకులానికి, అదే కేరళలో కొచ్చికి, శబరి ఎక్స్‌ప్రెస్‌లో పోయినాను. అల్లుడు నన్ను వాటర్ మెట్రో ఎక్కించుకొచ్చినాడు. వచ్చినప్పటి నుంచి ఒక మాట మనసులో తిరగతానే ఉండాది. మీ ముందర పెడతా ఉండాను.

తెలీనివాళ్ల కోసం ముందు సంగతి చెప్తాను. కొచ్చి చుట్టూ ఉండే దీవులను ఊరితో కలిపేదానికి అక్కడ కరెంటు పడవలు పెట్టినారు. 2023 ఏప్రిల్ 25న ప్రధానమంత్రి ప్రారంభించినారు. మరుసటి రోజు హైకోర్టు రేవు నుంచి వైపిన్‌కు, దాని మరుసటి రోజు వైట్టిల నుంచి కాక్కనాడ్‌కు జనాన్ని ఎక్కించుకోవడం మొదలైంది. ఏసీ పడవ, టికెట్టు 20 రూపాయల నుంచి 40 దాకా. మొదటి రోజే 6,500 మందికి పైగా ఎక్కినారు. అనుకున్నదంతా పూర్తయితే 10 దీవులు, 38 రేవులు, 78 పడవలు. మొదలుపెట్టింది 8 పడవలతో. చిక్కంతా ఆ 78కీ ఈ 8కీ నడుమ ఉండాది. పడవలు షిప్‌యార్డు నుంచి ఒకటొకటిగా రావాల, రేవులు ఒకటొకటిగా తెరవాల. ఫోర్ట్ కొచ్చి రేవు తెరిచేసరికి 2024 ఏప్రిల్ వచ్చింది. పడవలేమో తక్కువ, చూసిపోదామని వచ్చే జనమేమో తిరునాళ్లకొచ్చినట్టు.

నేను పోయింది ఆదివారం, వైపిన్ పడవకు. వరసలో నా ముందర ఒక పెద్ద కుటుంబం, సేలం వాళ్లంట. పిల్లోళ్లు ఒకటే సంబరం. నా వెనక ఒకాయన, యాభై ఏళ్లుంటాయి, చేతిలో క్యారియరు. అల్లుడు మాట కలిపితే, డ్యూటీ దిగి ఇంటికి పోతా ఉండానన్నాడు. పడవ వచ్చింది. గేటు కాడ మిషను తలలు లెక్కబెట్టుకుంటా పోయింది. ఒక పడవకు 100 మంది. నూరు నిండినాయి, మా ముందర గేటు మూసుకుంది. నాకు పోయేదేముంది, నేను చూడను పోయినవాణ్ణి. ఆయన క్యారియరు కింద బెట్టి గడియారం చూసుకున్నాడు.

అందుకే అడగతా ఉండాను. యాడైనా సరే, కొత్తగా పడవ పెట్టినప్పుడు మొదటి చోటు ఎవరికి ఇయ్యాల? రోజూ దాటేవాడికా, ముందొచ్చి నిలబడినవాడికా? నా మాట నేను చెప్పేస్తా. రోజూ దాటేవాడికే. పడవ పెట్టింది వాడి కోసం. మనం చుట్టాలం. చుట్టం ముందు తిని ఇంటివాడు పస్తుండేది మర్యాద కాదు.

రేణిగుంట జంక్షన్:

అన్నా, మీ మాట మీద గౌరవం ఉంది గానీ నేను ఒప్పుకోలేను. వైపిన్ దిక్కులేని దీవి కాదు. 2004లోనే గోశ్రీ వంతెనలు వచ్చాయి, బస్సులు తిరుగుతున్నాయి. కేరళ ప్రభుత్వ జలరవాణా శాఖ పాత పడవలు ఇంకా తక్కువ ఛార్జీకి దాటిస్తున్నాయి. అంటే ఆ క్యారియరు పెద్దమనిషికి ఇంకో దారి ఉంది. ఆ సేలం పిల్లలకు అదొక్క రోజే.

ఇంకో మాట. జనం ఎగబడటాన్ని మనం కష్టంగా ఎందుకు చూడాలి? 1,137 కోట్ల ప్రాజెక్టు అది, జర్మనీ బ్యాంకు అప్పు కూడా ఉంది. మొదటి నెలల్లో పడవలు ఖాళీగా తిరిగుంటే ఈపాటికి తలా ఒక మాట అని మూలన పడేసేవాళ్లు. చూడటానికి వచ్చినవాళ్లే దాన్ని నిలబెట్టారు. మన తిరుమల కొండకు 2022 సెప్టెంబర్ 27న ఎలక్ట్రిక్ బస్సులు వచ్చినప్పుడు మా అమ్మ అలిపిరిలో రెండు బస్సులు వదిలేసింది, "కరెంటు బస్సే రానీరా" అని. ఘాట్ రోడ్డు మీద ఇంజను చప్పుడు లేకుండా పోతుంటే కిటికీ పక్కన కూర్చుని గోవింద నామాలు చెప్పుకుంది. ఆ ముచ్చట తప్పంటే నాకు నచ్చదు. సర్కారు బండిని జనం ప్రేమించడం మనకు రోజూ దొరికే దృశ్యం కాదు.

20 రూపాయల టికెట్టు ఎవరు కొన్నా 20 రూపాయలే. వరస ఒక్కటే ఉండాలి.

సూళ్లూరుపేట టీచరమ్మ:

ఇద్దరూ వంతెన ఉన్న చోటు గురించి మాట్లాడుకుంటున్నారు. వంతెన లేని చోటు మన తిరుపతి జిల్లాలోనే ఉంది. తడ మండలం, పులికాట్ సరస్సు మధ్యలో ఇరకం దీవి. భీములవారిపాళెం రేవు నుంచి పడవలో పోవాలి. వంతెన కావాలని ఆ ఊరు ఎన్నాళ్ల నుంచో అడుగుతూనే ఉంది. నేను ఆ వైపు బళ్లో పనిచేసిన రోజుల్లో సంచీలో పుస్తకాలతో పాటు ఒక జత పొడి బట్టలు ఉండేవి. గాలి ఎదురైతే తడవకుండా రేవు చేరడం అరుదు.

పులికాట్ అంటే లోతైన నీళ్లనుకుంటారు. చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సే గానీ చాలా చోట్ల నడుముల్లోతు ఉండదు. ఎండాకాలం నీళ్లు తగ్గితే పడవ బురదలో ఆనుకుంటుంది. గెడేసి తోయాలి, మగవాళ్లు దిగి నెట్టాలి. అందులోనే నూకల మూట, గ్యాస్ బండ, జ్వరంతో ఒళ్లో పడుకున్న బిడ్డ.

ఒక సెలవు రోజు నాకు ఇంకా మరుపు రాదు. ఏ పడవో, ఎవరిదో చెప్పను. పక్షుల కోసం వచ్చినవాళ్లు పడవ మొత్తానికి డబ్బులిచ్చి మాట్లాడుకున్నారు. నెలలు నిండిన అమ్మాయి, వాళ్లత్త రేవులో నిలబడిపోయారు. ఇంకో పడవ వచ్చేసరికి గంటన్నర. ఆ అమ్మాయికి ఏమీ కాలేదు, బాగానే ఉంది. కానీ ఆ గంటన్నర ఆమె రేవు గట్టు మీద కూర్చుని ఎడమచేత్తో పొట్ట పట్టుకుని ఉండటం నేను చూశాను. పక్షులను చూడటానికి వచ్చినవాళ్లు చెడ్డవాళ్లు కారు. అడిగితే చోటిచ్చేవాళ్లేనేమో. అడగాల్సిన పని ఆ అమ్మాయికి ఎందుకు పడాలన్నదే నా ప్రశ్న.

కాబట్టి నేను కండక్టరుగారి పక్షం.

పీలేరు పిల్లోడు:

అక్కా, ఇది చదివి ఒళ్లు జలదరించింది.

రేణిగుంట అన్నకు ఒక్క మాట. వరస ఒక్కటే ఉండాలంటావు గదా. 2024 డిసెంబర్ నుంచి నెలకో మొదటి మంగళవారం తిరుపతి, తిరుమల వాసులకు వేరే దర్శనం ఇస్తా ఉండారు. ఏళ్ల తరబడి కొండ కిందనే ఉండి పైకి పోలేనోళ్లు ఆరోజు పోతా ఉండారు. యాత్రికులకు దానివల్ల దర్శనం ఆగిపోయిందా? ఆగలేదు గదా.

రేణిగుంట జంక్షన్:

తమ్ముడూ, ఆ పోలిక నా వైపుకే పనికొస్తుంది. స్థానికులకు ఇచ్చింది నెలకు ఒక్క రోజు. మిగతా రోజులన్నీ దూరం నుంచి వచ్చినవాళ్లవే. అంటే ఊరివాడికి ఒక వాటా, వచ్చినవాడికి ఎక్కువ వాటా. మీరు పడవ మీద అడుగుతున్నది దీనికి తలకిందులు.

టీచరుగారూ, మీరు చెప్పిన రోజు గురించి నాకు వాదన లేదు. అప్పుడు రేవులో ఉన్నది ఒక్క పడవ, అదీ డబ్బిచ్చి మొత్తం మాట్లాడుకునే పడవ. టైము ప్రకారం నడిచే సర్వీసు ఉండుంటే ఆ అమ్మాయి ఎక్కి కూర్చునేది. అలాంటి సర్వీసు రావాలంటే దానికి రాబడి ఉండాలి. ఇరకం ఊరి జనం ఒక్కరే దాన్ని మోయలేరు. పులికాట్ పక్షుల పేరు మీద జరిగే ఫ్లెమింగో పండగకు వచ్చేవాళ్లు, చెన్నై నుంచి ఆదివారాలు వచ్చేవాళ్లు, వీళ్ల డబ్బుతోనే ఊరివాళ్ల పడవ నడవాలి. వాళ్లను వెనక్కి నెడితే రేపు పడవే ఉండదు. నా భయం అది.

తిరుచానూరు ఇంజనీరు:

ఎవరు ముందన్నది తర్వాత. పడవ నిలకడగా నడుస్తుందా అన్నది ముందు చూడాలి. గుజరాత్‌లో ఘోఘా నుంచి దహేజ్‌కు 2017 అక్టోబర్ 22న ఫెర్రీ మొదలుపెట్టారు. రోడ్డు మీద 360 కిలోమీటర్లు, నీళ్ల మీద 31. అంతకంటే మంచి లెక్క ఎక్కడుంటుంది? ప్రారంభం గొప్పగా జరిగింది. కానీ దహేజ్ వైపు నర్మద తెచ్చే ఒండ్రు. తవ్వినకొద్దీ పూడేది. పెద్ద పడవకు కావలసిన లోతు లేక 2019లో ఆగిపోయింది. 2020 నవంబర్‌లో ఘోఘా నుంచి హజీరాకు దారి మార్చి మళ్లీ మొదలుపెట్టారు. జనానికి ఉత్సాహం తక్కువై కాదు ఆగింది, అడుగున మట్టి ఎక్కువై.

పులికాట్ సంగతి ఇంకా సున్నితం. రాయదొరువు, కొండూరుపాళెం ముఖద్వారాలు పూడిపోతే సముద్రపు నీరు లోపలికి రాదు. నీరు రాకపోతే చేప లేదు, పడవకు లోతు లేదు. కొచ్చి పడవను తెచ్చి భీములవారిపాళెంలో దింపుదామంటే కుదరదు. చదును అడుగుతో, తక్కువ నీటిలో తేలే చిన్న పడవ కావాలి.

కొచ్చి నుంచి నేర్చుకోవలసింది మాత్రం ఒకటుంది. అక్కడ రేవు గట్టు నీటి మీద తేలుతుంది. పోటు వచ్చినా ఆటు వచ్చినా గట్టూ పడవా ఒకే ఎత్తున ఉంటాయి. చక్రాల కుర్చీ నేరుగా లోపలికి పోతుంది. టీచరుగారు చెప్పిన నెలలు నిండిన అమ్మాయి కాలు చాచి పడవలోకి దూకక్కర్లేదు. బ్యాటరీ 10, 15 నిమిషాల్లో ఎక్కుతుందని అందరూ చెప్పుకుంటారు. నన్నడిగితే ఆ గట్టే అసలైన ఇంజనీరింగ్.

కొండమిట్ట కండక్టరు (చిత్తూరు):

ఇంజనీరు సార్ గట్టు గురించి చెప్పినారు. నేను ఆ గేటు గురించి చెప్పాల. నాకు ఆ పడవలో అన్నిటికంటే నచ్చింది అదే.

వినాయక చవితి కాడ నుంచి కాణిపాకం బ్రహ్మోత్సవాలు 21 దినాలు. ఆ దినాల్లో చిత్తూరు నుంచి బస్సు ఎట్లా పోతుందో ఇక్కడ ఉండే వాళ్లందరికీ తెలుసు. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టే చోటుండదు. "సామి కాడికి పోతా ఉండాం, ఎక్కించుకో నా" అంటే నేను దించేసిన రోజు లేదు. ఎక్కించుకున్నాను. ప్రతిసారీ ఏమీ కాలేదు. ఏమీ కాలేదు గదా అని మళ్లీ ఎక్కించుకున్నాను. బస్సు కాబట్టి సరిపోయింది. టైర్లు నేల మీద ఉండాయి.

నీళ్ల మీద ఆ పని చేస్తే ఏమైందో అందరికీ తెలుసు. 2011 క్రిస్మస్ రోజున ఇదే పులికాట్‌లో తమిళనాడు వైపు పడవ తిరగబడి 22 మంది పోయినారు. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ కాడ కృష్ణలో. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు కాడ గోదావరిలో. కొచ్చిలో ఈ కొత్త పడవలు మొదలై పన్నెండు రోజులే, 2023 మే 7న, అదే కేరళలో తానూర్ కాడ చేపల పడవను షికారు పడవగా మార్చి, పట్టినంత మందిని ఎక్కించి, 22 మందిని పోగొట్టుకున్నారు. అందులో చిన్న బిడ్డలే ఎక్కువ.

ఒకే రాష్ట్రం, ఒకే నెల సందు. ఒక పడవ నూరో మనిషి కాడ గేటేసింది. ఇంకో పడవకు గేటే లేదు. అందుకని వరసలో నిలబడి నా ముందర గేటు మూసుకున్నప్పుడు నాకు కోపం రాలేదు, కళ్లు చెమర్చినాయి. నా ఉద్యోగమంతా ఆ గేటు లేకనే చేసినాను గదా అనిపించింది.

రేణిగుంట తమ్ముడు చెప్పింది ఆలోచించినాను. చూసేదానికి వచ్చేవాళ్లు వద్దని నేను అన్లేదు. డబ్బు వాళ్ల నుంచే రావాల, నిజమే. కానీ లెక్క నూరు అయినప్పుడు ఆ నూరులో ఎవరుండాలని ముందే రాసి పెట్టుకోవాల. రేవులో నిలబడి కొట్లాడుకునేది కాదు అది. కొచ్చిలో వారానికి, నెలకు, మూడు నెలలకు పాసులుండాయి. పాసు ఉండేవాడు రోజూ వచ్చేవాడని తెలిసిపోతుంది. మన బస్సుల్లో స్టూడెంటు పాసు చూసి బిడ్డ ఏ బడికి పోతా ఉందో నేను చెప్పేవాణ్ణి. పాసే గుర్తు. వేరే ఏ కాగితమూ అడగబన్లే.

టీచరమ్మా, ఒకటి అడగతాను. మీరు దాటిన రోజుల్లో పొద్దున పడవకు ఎవరెవరు ఉండేవాళ్లు?

సూళ్లూరుపేట టీచరమ్మ:

అన్నా, పొద్దున అటు పోయేవాళ్లలో మేము ఇద్దరు ముగ్గురు టీచర్లం, అంగడి సామాను తీసుకుపోయేవాళ్లు, ఆస్పత్రి చూపించుకుని రాత్రి బంధువుల ఇంట్లో ఉండిపోయినవాళ్లు. ఇటు వచ్చేవాళ్లు ఎక్కువ. చేపల బుట్టలతో ఆడవాళ్లు, పై చదువులకు వచ్చే పిల్లలు, రేషన్ పనో బ్యాంకు పనో ఉన్న పెద్దవాళ్లు. అందరి పేర్లూ నాకు తెలుసు. తొమ్మిది దాటితే ఆ రద్దీ అయిపోయేది. మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా.

రేణిగుంట జంక్షన్‌గారూ, మీ లెక్కే ఇక్కడ పనికొస్తుంది చూడండి. పక్షులు చూడటానికి వచ్చేవాళ్లు పదింటి నుంచి మూడింటి లోపల తిరుగుతారు. ఆ గంటలు వాళ్లవి. ఛార్జీ ఎక్కువ పెట్టుకోండి, ఎవరూ కాదనరు. తొమ్మిది లోపలా నాలుగు తర్వాతా పాసు ఉన్నవాళ్లు ఎక్కాక మిగిలిన చోటు మిగతావాళ్లకు. రోగి, గర్భిణి వస్తే ఏ గంటైనా సరే.

రేణిగుంట జంక్షన్:

గంటల ప్రకారం అయితే నాకు అభ్యంతరం లేదు మేడమ్. వరస ఒక్కటే ఉండాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, వంతెన లేని చోటు వరకు. ఛార్జీ మాత్రం రెండు రకాలుగా పెట్టొద్దు. సేలం నుంచి వచ్చినా ఇరకం నుంచి వచ్చినా పిల్లవాడు పిల్లవాడే. పాసులో తగ్గింపు ఇవ్వండి, టికెట్టు ఒక్కటే ఉండనివ్వండి.

సూళ్లూరుపేట టీచరమ్మ:

ఛార్జీ దగ్గర మీతో కలవలేను. మీరు చెప్పిన రాబడి లెక్క వదిలేసి పడవ ఎలా నడుస్తుందో నాకు తెలియడం లేదు. షికారుకు వచ్చినవాళ్లు ఇంకో 20 రూపాయలు ఇవ్వగలరు. చేపల బుట్ట ఆవిడ ఇవ్వలేదు.

కొండమిట్ట కండక్టరు (చిత్తూరు):

ఛార్జీ సంగతి రేపు పొద్దున రాస్తాను. దాని మీద నాకు చెప్పేది చాలా ఉండాది. చేపల బుట్టకు లగేజీ టికెట్టు కొట్టాల్నా వద్దా అనేది కూడా.