నిద్రలో పిల్లి కాళ్లు అదరడం: కల అనుకోవాలా, ఫిట్స్ అనుకోవాలా?

ప్రశ్న (మిర్యాలగూడ):
అందరికీ నమస్కారం. మా ఇంటి నాటు పిల్లి ఎండ ముదిరే వేళకు వంటింటి గచ్చు మీద పడుకుంటుంది. మొదట తల ఎత్తుకునే కునుకు తీస్తుంది కాని, చప్పుడు వచ్చిన దిక్కుకల్లా చెవులు తిరుగుతూనే ఉంటాయి. కాసేపటికి పక్కకు ఒరిగి ఒళ్లంతా వదిలేస్తుంది. ఇక అప్పుడు ముందరికాళ్ల వేళ్లు విచ్చుకుని ముడుచుకుంటాయి, మీసాలు అదురుతాయి, సగం మూసిన రెప్పల కింద గుడ్లు అటూ ఇటూ తిరుగుతాయి. ఇవి ఫిట్సేనని, వెంటనే తట్టి లేపాలని మా అత్తమ్మ గట్టిగా చెబుతున్నారు. లేపడం మంచిదేనా?

జవాబు (మహబూబ్‌నగర్, పశువైద్యుడు):
అమ్మా, మీరు వర్ణించినది ఆరోగ్యంగా ఉన్న పిల్లి నిద్రే. పిల్లులు వేకువన, మునిమాపున చురుకుగా వేటాడే జీవులు గనుక రోజుకు 12 నుంచి 16 గంటలు నిద్రపోతాయి. అందులో చాలా భాగం ఉలిక్కిపడి లేవడానికి సిద్ధంగా ఉండే తేలికపాటి కునుకే. తల నిలిపి ఉంచాలంటే మెడ కండరాలు పట్టుగా ఉండాలి. కలలు వచ్చే దశలో ఆ పట్టు పూర్తిగా సడలిపోతుంది కాబట్టే మీ పిల్లి పక్కకు ఒరిగిన తర్వాతనే అదురు మొదలవుతోంది.

ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో మిషెల్ జూవే అనే శాస్త్రజ్ఞుడు ఈ దశను పిల్లుల మీదే పరిశీలించి, మెదడు మెలకువలో ఉన్నంత చురుకుగా ఉండగా ఒళ్లు మాత్రం చచ్చుబడినట్టు ఉండడాన్ని 1959లో వివరించారు. ఆ తర్వాతి ప్రయోగాలలో మెదడు కాండంలోని ఒక చిన్న భాగాన్ని దెబ్బతీసినప్పుడు, పిల్లులు నిద్రలోనే లేచి, ఎదుట లేని ఎరను పొంచి చూసి దాని మీదికి దూకాయి. అంటే మామూలుగా మెదడు నుంచి కండరాలకు వెళ్లే ఆజ్ఞలను ఆ భాగమే అడ్డుకుంటోందన్న మాట. ఆ అడ్డును దాటి అప్పుడప్పుడు వచ్చే కాస్త కదలికే మీకు వేళ్లలో, మీసాలలో కనబడుతోంది.

ఫిట్స్ తీరు వేరు. ఒళ్లు కర్రలా బిగుసుకుంటుంది, నాలుగు కాళ్లూ ఒకే లయలో బలంగా కొట్టుకుంటాయి, చొంగ కారుతుంది, మూత్రం పోవచ్చు, పిలిచినా తెలివి రాదు; తగ్గాక కూడా కాసేపు ఎటు పోతోందో తెలియనట్టు తిరుగుతుంది. కల చూస్తున్న పిల్లి మాత్రం లేచిన వెంటనే ఒళ్లు విరుచుకుని మామూలుగా నడుస్తుంది. అనుమానం తీరకపోతే ఫోన్‌లో వీడియో తీసి దవాఖానలో చూపించండి, ఎందుకంటే మాటలతో చెప్పిన దానికంటే వీడియోలో మాకు తేడా చక్కగా తెలుస్తుంది.

జవాబు (దేవరకొండ):
అక్కా, తట్టి మాత్రం లేపకండి. గాఢనిద్రలో ముట్టుకుంటే ఎవరో తెలియక గోళ్లతో గీరుతుంది. లేపక తప్పకపోతే దూరం నుంచే పేరు పెట్టి పిలవండి. పిల్లికూనలలో ఈ అదురు ఇంకా ఎక్కువ. తల్లి పాలు తాగి పడుకున్న పసికూనలైతే ఒళ్లంతా ఎగిరెగిరి పడినట్టు కనిపిస్తాయి.

అయితే మన వైపు పత్తి చేన్ల కాలంలో ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. పురుగుల మందు అంటిన కాళ్లను నాకినా, కుక్కల గోమార్లకు వాడే పెర్మెత్రిన్ మందు ఒంటికి తగిలినా, పిల్లికి మెలకువలో కూడా వణుకు వస్తుంది. అలాంటప్పుడు నిద్రేలే అని ఊరుకోకుండా వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి.

ప్రశ్న అడిగినవారు:
డాక్టర్ గారికి, చెల్లెమ్మకు ధన్యవాదాలు. మా పిల్లి లేవగానే ఒళ్లు విరుచుకుని నేరుగా పాల గిన్నె దగ్గరికే వస్తుంది, కాబట్టి అత్తమ్మకు కూడా ధైర్యం చెప్పాను. అదురు సమయంలో ఊపిరి కూడా తడబడినట్టు ఉంటుంది, దానికేమైనా భయపడాలా?

జవాబు (మహబూబ్‌నగర్, పశువైద్యుడు):
కలల దశలో ఊపిరి హెచ్చుతగ్గులుగా ఉండడం సహజమే, అందుకని ఆ సమయంలో లెక్కించకండి. అదురు లేకుండా ప్రశాంతంగా పడుకున్నప్పుడు పక్కటెముకల మీద చూపు నిలిపి, పొట్ట లేచి దిగడం ఒకటిగా నిమిషంపాటు లెక్కించండి. 30 లోపు ఉంటే చింత లేదు. పదేపదే అంతకు మించుతున్నా, నోరు తెరిచి ఆయాసపడుతున్నా, గుండెనో ఊపిరితిత్తులనో పరీక్షించవలసి ఉంటుంది. ఆలస్యం చేయకుండా తీసుకురండి.