99 మ్యాచ్‌లు గెలిచిన మేనేజర్‌ను సొంత మైదానంలోనే అంతగా ఎందుకు గేలి చేశారు?

చార్లెస్_నది_ఒడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. బోస్టన్ దగ్గర ఉద్యోగంలో చేరి పదకొండేళ్లు దాటింది. క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ని కాబట్టి బేస్‌బాల్ నాకు ఆలస్యంగా అబ్బింది. పిచర్ వేసే బంతుల్లో దేన్ని ఏమంటారో ఇప్పటికీ సగమే తెలుసు. ఈమధ్య ఆఫీసు నుంచి కొందరం కలిసి ఫెన్‌వే పార్క్‌కు వెళ్లాం. ఏడో ఇన్నింగ్స్‌లో బోస్టన్ జట్టు రెడ్ సాక్స్ మేనేజర్ పిచర్‌ను మార్చడానికి డగౌట్ (ఆటగాళ్లు కూర్చునే చోటు) మెట్లెక్కి బయటికి రాగానే మా వెనక వరుసల్లోంచి "బూ" అంటూ గోల లేచింది. నా పక్కన కూర్చున్న సహోద్యోగి, పదవీ విరమణకు దగ్గరపడిన పెద్దమనిషి, నవ్వి, "ఇదీ ఒక గోలేనా! 1978లో డాన్ జిమ్మర్‌ను మేం ఎంత ఏడిపించామో మీరు విని ఉండాల్సింది" అన్నారు. అప్పటికి ఆయనకు పదమూడేళ్లట. వాళ్ల నాన్నగారి పక్కన నిలబడి తానూ గొంతు చించుకున్నారట.

ఇంటికి వచ్చి ఆ సంవత్సరం లెక్కలు చూశాను. జిమ్మర్ మేనేజర్‌గా ఉండగా రెడ్ సాక్స్ 1977లో 97, 1978లో 99, 1979లో 91 మ్యాచ్‌లు గెలిచింది. వరుసగా మూడేళ్లు 90 దాటించిన మనిషిని, అదీ సొంత ఊరి జనం, మైదానంలోకి అడుగుపెట్టినప్పుడల్లా ఈసడించడం నాకు మింగుడుపడలేదు. 2024లో వాంఖడేలో హార్దిక్ పాండ్యాకు జరిగింది మనమంతా చూశాం. కానీ అక్కడ రోహిత్‌ను తప్పించి ఆయనను తెచ్చారన్న కోపం ఉంది, పైగా జట్టు ఓడుతోంది. ఇక్కడ గెలుస్తున్న జట్టు. అభిమానుల కోపంలో న్యాయం ఉందా, లేక దెబ్బతిన్న జనానికి తిట్టడానికి ఒక మనిషి కావాల్సివచ్చిందా? బేస్‌బాల్ బాగా తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

స్కోరుబుక్కు

మంచి ప్రశ్న వేశారండీ. ముందు ఒక చిన్న సంగతి చెప్పాలి, ఎందుకంటే క్రికెట్ నుంచి వచ్చినవారికి అది తట్టదు. మన కోచ్ గదిలో కూర్చుంటాడు, నిర్ణయం కెప్టెన్ పేరుమీద పోతుంది. బేస్‌బాల్‌లో మేనేజర్ ఆటగాళ్ల యూనిఫాం వేసుకుని, పిచర్‌ను మార్చాలనుకున్నప్పుడు తానే నడిచి వెళ్లి అతని చేతిలోంచి బంతి తీసుకోవాలి. ఒకే ఇన్నింగ్స్‌లో అదే పిచర్ దగ్గరికి రెండోసారి వెళితే అతణ్ని తప్పనిసరిగా మార్చాల్సిందేనన్న నిబంధన కూడా ఉంది. అంటే మేనేజర్ తప్పు చేశాడని జనం అనుకుంటున్న ఆ క్షణంలోనే, ఆట ఆగిపోయి, మైదానంలో కదులుతున్న మనిషి ఆయన ఒక్కడే అవుతాడు. పట్టుమని నిమిషం పట్టని నడక అది, కానీ ముప్పై వేలమందికి వేరే చూడడానికేమీ ఉండదు. వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఇంకోసారి. జిమ్మర్ పొట్టిగా, గుండ్రంగా, ఎర్రటి ముఖంతో ఉండే మనిషి కావడం వల్ల ఆ నడక కూడా జనం నోట్లో పడింది.

ఇక 1978 విషయానికి వస్తే, జూలై 19 నాటికి రెడ్ సాక్స్ పట్టికలో ప్రత్యర్థి న్యూయార్క్ యాంకీస్ కంటే 14 ఆటల ముందుంది. సెప్టెంబర్ 7 నుంచి 10 దాకా యాంకీస్ ఫెన్‌వేకు వచ్చి నాలుగుకు నాలుగూ గెలిచింది: 15-3, 13-2, 7-0, 7-4. మొత్తం పరుగులు 42కు 9. దాన్ని ఇప్పటికీ బోస్టన్ ఊచకోత అంటారు. అప్పటికి 1918 తర్వాత బేస్‌బాల్‌లో వరల్డ్ సిరీస్ టైటిల్ చూడని ఊరు అది. మీ సహోద్యోగి విన్న గోల ఆ నాలుగు రోజుల్లో తారస్థాయికి చేరింది, కానీ పుట్టింది అప్పుడు కాదు.

జనం పట్టుకున్న తప్పులు ముఖ్యంగా మూడు. మొదటిది బిల్ లీ. ఈ ఎడమచేతి పిచర్ 1973, 74, 75ల్లో ఏటా 17 మ్యాచ్‌లు గెలిచినవాడు, యాంకీస్ మీద అయితే మరీ మొనగాడు. నోటికి అదుపు లేనివాడు కూడా. మేనేజర్‌ను చిట్టెలుకలాంటి జెర్బిల్ అనే పెంపుడు జంతువుతో పోల్చి పత్రికలవారికి చెప్పాడు. జట్టులో లీ, అతని స్నేహితులు కొందరు ఒక ముఠాగా ఉండేవారు. 1978 వేసవి సగం గడిచేసరికి ఆ ముఠాలో లీ తప్ప అందరినీ ఇతర జట్లకు పంపేశారు, చివరి స్నేహితుడు బెర్నీ కార్బోను జూన్‌లో అమ్మేసినప్పుడు లీ అలిగి ఒక రోజు మైదానం వదిలి వెళ్లిపోయాడు కూడా. ఆ తర్వాత లీకి ఆరంభ పిచర్ల వరుసలోనే చోటు పోయింది. ఊచకోతలో నాలుగో రోజు, ఆదివారం, ఆటను లీకి ఇవ్వకుండా బాబీ స్ప్రౌల్ అనే కొత్త కుర్రాడికి ఇచ్చారు. అతను తొలి ఇన్నింగ్స్‌లో ఇద్దరిని మాత్రమే అవుట్ చేసి, నలుగురిని నడిపించి (గురి తప్పిన బంతులతో ఊరికే మొదటి బేస్‌కు పంపి), వెనుదిరిగాడు. ఫెన్‌వే గ్యాలరీల్లో ఆ రోజు ఏ పేరు వినిపించి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. (న్యాయంగా చెప్పాలంటే లీ ఆ వేసవి రెండో సగంలో వరుసగా ఏడు ఓడి 10 గెలుపులు, 10 ఓటములతో ఉన్నాడు. గ్యాలరీకి ఆ సంగతి గుర్తుండదు.)

రెండోది మూడో బేస్ దగ్గర ఆడిన బుచ్ హాబ్సన్. మోచేతిలో ఎముక ముక్కలు కదులుతుండేవి. బంతి విసిరే ముందు వాటిని వేళ్లతో నొక్కి సర్దుకునేవాడు. మూడో బేస్ నుంచి మొదటి బేస్‌కు విసరడమంటే అసలే మైదానానికి అడ్డంగా విసరడం. ఆ ఏడాది అతని ఖాతాలో 43 ఎర్రర్లు (ఫీల్డింగ్ తప్పులు) చేరాయి. ప్రతి అడ్డగోలు విసురుకూ ముఖాలు డగౌట్ వైపు తిరిగేవి. సీజన్ చివర్లో తప్పించమని హాబ్సనే అడిగేదాకా జిమ్మర్ అతణ్ని మార్చలేదు.

మూడోది, అసలు జట్టులో ముఖ్యులకు విశ్రాంతి ఇవ్వకుండా సెప్టెంబర్‌కు అలసిపోయేలా చేశాడన్నది. ఇది పూర్తిగా కొట్టిపారేయలేనిది, పూర్తిగా ఒప్పుకోలేనిది కూడా, ఎందుకంటే ఊచకోత తర్వాత అదే అలసిన జట్టు చివరి ఎనిమిది మ్యాచ్‌లూ గెలిచి యాంకీస్‌తో సమమైంది.

ఉప్పల్_గ్యాలరీ

స్కోరుబుక్కు గారి లెక్కలు సరే. నేను ఒక చోట విభేదిస్తాను. తప్పులు జాబితా వేస్తే కోపం అర్థమైనట్టు ఉంటుంది కానీ, అదే ఏడాది ఫెన్‌వేకు వచ్చిన జనం తగ్గలేదు. 1977లో మొదటిసారి 20 లక్షలు దాటింది, 1978లోనూ దాటింది. టికెట్ కొని, కుటుంబంతో వచ్చి, తిట్టి వెళ్లేవారు. విసుగెత్తినవాడు ఇంట్లో ఉంటాడు. తిట్టడానికి పనిగట్టుకుని వచ్చేవాడు ఆశ వదులుకోనివాడు. దానికి తోడు రాత్రిపూట రేడియోలో ఫోన్ కార్యక్రమాలు అప్పుడే ఊపందుకున్నాయి. పగలు మైదానంలో అరిచిన మాట రాత్రి కారులో ఇంకొకరి గొంతుతో వినిపిస్తే, మర్నాడు అది ఊరి అభిప్రాయమైపోతుంది. మేనేజర్‌కు అది ముప్పై వేలమంది గోలలా కాక ఊరంతా తనమీద పడ్డట్టు వినిపిస్తుంది.

జిమ్మర్ గురించి నాకు నచ్చే విషయం ఆయన తిరిగి అరవకపోవడం. అరిస్తే ఏమవుతుందో తెలియాలంటే 1983లో షికాగో కబ్స్ మేనేజర్ లీ ఎలియా సంగతి చూడండి. ఏప్రిల్ 29న రిగ్లీ ఫీల్డ్‌లో డాడ్జర్స్ చేతిలో 4-3తో ఓడి జట్టు 5 గెలుపులు, 14 ఓటములకు చేరింది. వచ్చిన జనం పది వేలు కూడా లేరు. ఆటగాళ్లు లోపలికి వెళుతుంటే గ్యాలరీలోంచి వాళ్లమీద బీరు పోశారు. ఎలియా తన గదిలో విలేకరుల ముందు, టేప్ రికార్డర్ తిరుగుతుండగానే, లోకంలో 85 శాతం మంది ఉద్యోగాలు చేసుకుంటుంటే మిగిలిన 15 శాతం ఇక్కడికి వచ్చి తిడుతున్నారని, వాక్యానికి రెండు బూతుల చొప్పున మూడు నిమిషాలు దులిపేశాడు. అప్పటికి రిగ్లీలో దీపాలు లేవు, 1988 ఆగస్టు దాకా అన్నీ పగటి ఆటలే. పనిరోజు మధ్యాహ్నం మైదానానికి వచ్చినవాళ్లంతా పనిలేనివాళ్లేనన్నది ఆయన వెటకారం. కానీ ఆ జనంలో రాత్రి షిఫ్టులు చేసేవాళ్లు, సెలవు పెట్టి వచ్చినవాళ్లు ఎంతమందో! ఆ ఆగస్టులోనే ఎలియా ఉద్యోగం పోయింది. తన ఆటగాళ్లను వెనకేసుకు రావడానికే ఆయన నోరు విప్పాడు, జనానికి మాత్రం బూతులే మిగిలాయి.

ఫిలడెల్ఫియాలో 2023 ఆగస్టులో ట్రే టర్నర్ అనే ఆటగాడు ఘోరంగా ఆడుతుంటే, గేలి చేయడంలో పేరుమోసిన ఆ ఊరి జనం ఒక రాత్రి పనిగట్టుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత అతను చెలరేగిపోయాడు. ఆటగాడికి అలాంటి అవకాశం ఉంది. హార్దిక్ కూడా తనను గేలి చేసిన 2024లోనే టీ20 ప్రపంచకప్ ఫైనల్లో చివరి ఓవర్ వేసి, అదే వాంఖడేలో తన పేరు మార్మోగించుకోగలిగాడు. మేనేజర్ చేతిలో బ్యాటు లేదు, బంతి లేదు. ఆయన జవాబు ఇంకొకరు కొట్టాలి.

చార్లెస్_నది_ఒడ్డు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ నడక సంగతి చదివాక ఫెన్‌వేలో నేను చూసింది ఇంకోలా కనిపిస్తోంది. అయితే హాబ్సన్ దగ్గర నాకు ఇంకా ముడి విప్పుకోలేదు. మోచేయి సర్దుకుంటూ బంతులు విసిరేవాణ్ని అన్ని నెలలు ఆడించడం మొండితనమా, మరేదైనానా? ఊరంతా చూస్తున్నది ఆయనకు కనబడలేదంటే నమ్మబుద్ధి కావడం లేదు.

పాత_రేడియో

ఆ ముడి జిమ్మర్ పుర్రెలో ఉందండీ, మాట వరసకు కాదు. 1953 జూలైలో, ఆయనకు 22 ఏళ్లప్పుడు, చిన్న లీగ్ ఆటలో బంతి తలకు తగిలింది. దాదాపు రెండు వారాలు స్పృహలో లేరు. లేచాక కొంతకాలం మాట రాలేదు. పుర్రెకు రంధ్రాలు చేసి తర్వాత వాటిని టాంటలం లోహపు బిళ్లలతో మూశారు. తలలో ఇనుప రేకు ఉందని జనం చెప్పుకునేది దీన్నే. ఇక ఆడవద్దని అనుకుంటుండగానే మరుసటి ఏడాదికల్లా డాడ్జర్స్ జట్టులో ఉన్నారు. 1956లో మళ్లీ చెంప ఎముక విరిగింది, మళ్లీ వచ్చారు. అలాంటి మనిషి ముందుకు ఒక కుర్రాడు వచ్చి మోచేయి నొప్పిగా ఉన్నా ఆడతానంటే, "కూర్చో" అని ఎలా అనగలరు? ఇది నా ఊహే. కానీ గ్యాలరీ చూసింది ఎర్రర్లను, జిమ్మర్ చూసింది తననే అని నాకనిపిస్తుంది. లీని అర్థం చేసుకోలేకపోవడానికీ కారణం అదే. ఆట అంటే ప్రాణం పెట్టాల్సిందేనని నమ్మిన మనిషికి మేనేజర్‌మీద జోకులేసే పిచర్ ఎప్పటికీ నచ్చడు. అక్కడ మాత్రం జనమే సరి, జిమ్మర్ తప్పు. నచ్చనివాడు కూడా యాంకీస్‌ను ఓడించగలిగితే బంతి ఇవ్వాలి.

రెండు జట్లూ సమం కావడంతో అక్టోబర్ 2న యాంకీస్‌తో ఒకే ఒక్క నిర్ణాయక ఆట జరిగింది. ఏడో ఇన్నింగ్స్‌లో రెడ్ సాక్స్‌కు 2-0 ఆధిక్యం ఉండగా, ఏడాది మొత్తంలో అప్పటికి నాలుగే హోమ్ రన్‌లు కొట్టిన యాంకీస్ ఆటగాడు బకీ డెంట్ బంతిని 37 అడుగుల ఎత్తున్న ఎడమ గోడమీదుగా దాటించి మూడు పరుగులు తెచ్చాడు. రెడ్ సాక్స్ 5-4తో ఓడింది. చివరి అవుట్‌కు మూడో బేస్‌లో సమం చేసే పరుగు నిలబడి ఉంది. ఆ గోడ ఇంకాస్త ఎత్తుగా ఉంటే మీ సహోద్యోగి ఇప్పుడు జిమ్మర్ విగ్రహం గురించి చెప్పేవారేమో! 1980 సీజన్ ఇంకా కొద్ది ఆటలు మిగిలి ఉండగానే జిమ్మర్‌ను పంపించేశారు.

తర్వాతి సంగతులు మీకు నచ్చుతాయి. 1983లో ఆయన యాంకీస్‌కే కోచ్‌గా వెళ్లి, న్యూజెర్సీలో అద్దెకు ఒక ఇల్లు తీసుకున్నారు. ఇంటి యజమాని ఎవరనుకున్నారు? బకీ డెంట్. గోడలనిండా ఆ హోమ్ రన్ ఫొటోలే. జిమ్మర్ ఒక్కొక్కటీ తిప్పి గోడవైపు పెట్టారు. 1989లో కబ్స్‌ను డివిజన్ విజేతగా నిలిపి తన లీగ్‌లో ఉత్తమ మేనేజర్ అయ్యారు. 1992లో బోస్టన్‌కు కోచ్‌గా తిరిగి వచ్చారు. అప్పటి రెడ్ సాక్స్ మేనేజర్ బుచ్ హాబ్సన్. ఆ మోచేతి హాబ్సనే. 2010లో రెడ్ సాక్స్ తమ హాల్ ఆఫ్ ఫేమ్‌లో జిమ్మర్‌కు చోటిచ్చింది.

చార్లెస్_నది_ఒడ్డు

ఇదంతా, హాబ్సన్ మోచేయి, పుర్రెలో లోహపు బిళ్లలు, డెంట్ ఇల్లు, ఈరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మా సహోద్యోగికి ఇంగ్లీషులో పూసగుచ్చినట్టు చెప్పాను. తినడం ఆపి శ్రద్ధగా విన్నారు. ఫొటోలు తిప్పి పెట్టిన సంగతికి గట్టిగా నవ్వారు కూడా. తర్వాత రుమాలుతో మూతి తుడుచుకుని అన్నారు: "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆ ఆదివారం లీకి బంతి ఎందుకివ్వలేదో మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు."